నరము, స్నాయువు, కీలు: శ్రీకాళహస్తి పరిసరాల నుంచి సంయోజక కణజాల రుగ్మతల పదచరిత్ర

వ్యాససంగ్రహం

కీళ్ళు సహజమైన హద్దును దాటి వంగడాన్ని నేటి వైద్యశాస్త్రం అతిచలనం అంటుంది. దానికి మూలమైన పుట్టుకతో వచ్చే లోపాలను సంయోజక కణజాల రుగ్మతలలో చేర్చుతుంది. ఈ రుగ్మతల చరిత్రను పాశ్చాత్య వైద్యుల పేర్ల వరుసగా చెప్పడం పరిపాటి. శ్రీకాళహస్తి, పుత్తూరు, చిట్వేలి, మద్రాసు అనే నాలుగు చోట్లను ఆధారం చేసుకొని, తెలుగు మాటల వైపు నుంచి ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'నరం' అనే మాట వ్యాప్తి ఈ రుగ్మతలను గుర్తించడానికి ఎట్లా అడ్డు వచ్చిందో చర్చించడం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: నరము, స్నాయువు, కండర, అతిచలనం, కొల్లాజెన్, పుత్తూరు కట్టు, దొమ్మరి.

1. ప్రస్తావన

శ్రీకాళహస్తి వాయులింగ క్షేత్రం. ఆయుర్వేదం కీళ్ళ బాధల్లో ఎక్కువ భాగాన్ని వాతానికి ముడిపెట్టింది. ఈ రెండింటినీ కలిపి ఒక సిద్ధాంతం అల్లడం చాలా తేలిక. అటువంటి వ్యాఖ్యానాలు వినడానికి ఇంపుగా ఉంటాయి కాని, క్షేత్రమాహాత్మ్యంలోని వాయువు పంచభూతాలలో ఒకటి. వైద్యగ్రంథాల్లోని వాతం త్రిదోషాలలో ఒకటి. రెండింటికీ పదసామ్యం ఉన్నంత మాత్రాన చరిత్ర కలవదు. అందువల్ల ఈ వ్యాసం గుడి దగ్గర కాక, ఊరి మాట దగ్గర మొదలవుతుంది.

బొటనవేలిని వెనక్కి వంచి ముంజేతికి ఆనించగల పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. తోటిపిల్లలు గుమిగూడి చూస్తారు. వారిలో అత్యధికులకు ఏ జబ్బూ ఉండదు. కొద్దిమందికి మాత్రం ఆ వంపు తరువాతి కాలంలో పదేపదే భుజం జారడంగా, మడమ బెణకడంగా, కారణం తెలియని నొప్పిగా, అలసటగా పరిణమిస్తుంది. మరీ కొద్దిమందిలో అది గుండె నుంచి బయలుదేరే మహాధమని బలహీనతకు పైకి కనిపించే గుర్తు. వినోదం, బాధ, ప్రాణాపాయం అనే ఈ మూడు స్థితులనూ వేరుచేసి చెప్పగల మాటలు మనకు ఉన్నాయా అనేది ఇక్కడి ప్రశ్న.

2. 'నరం' వ్యాప్తి

తెలుగులో 'నరం తెగి రక్తం పోయింది' అంటే రక్తనాళం. 'మెడ నరం పట్టింది' అంటే కండరం. 'నరాల డాక్టరు' అంటే నాడీమండల వైద్యుడు. 'మడమ వెనక నరం లాగుతోంది' అంటే కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ. ఒకే మాట నాలుగు వేర్వేరు అవయవాలకు చెల్లుతోంది. ఇది తెలుగువారి అజాగ్రత్త కాదు. తమిళంలోని 'నరంబు'కూ ఇదే వ్యాప్తి ఉంది. అక్కడ యాళ్ అనే వాద్యం తీగ కూడా నరంబే. చర్మం కింద పొడవుగా, బిగువుగా, తాడులాగా చేతికి తగిలేదంతా నరమేనన్నది ద్రావిడభాషల వాడుకలో కనిపించే దృష్టి. చూపుతోనూ స్పర్శతోనూ ఏర్పడిన వర్గీకరణ ఇది. కోసి చూసి ఏర్పరచినది కాదు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటల కథ ఇంకా చిక్కైనది. సుశ్రుతసంహితలో మాంసకండరానికి వాడిన మాట 'పేశి'. 'కండర' అంటే పెద్ద స్నాయువు. అటువంటివి పదహారు ఉన్నాయని ఆ గ్రంథం లెక్క. నేటి తెలుగు పాఠ్యపుస్తకాల్లో కండరం అంటే పేశి. తెలుగువారికి చిరపరిచితమైన 'కండ' అనే మాట సామీప్యం ఈ అర్థవిపరిణామానికి కారణమై ఉండవచ్చు. 'స్నాయువు' కూడా ఇట్లాగే స్థానం మారుతూ వచ్చింది. మరాఠీలో అది కండరం. మన పాఠశాల జీవశాస్త్రంలో ఎముకను ఎముకతో కలిపేది 'సంధిబంధనం', కండరాన్ని ఎముకతో కలిపేది 'స్నాయుబంధనం'. ఈ రెండు మాటలూ తరగతి గది దాటి బయటికి రాలేదు. ఆసుపత్రిలో డాక్టరు 'లిగమెంట్' అంటాడు. ఇంటికి వచ్చిన రోగి 'నరం' అంటాడు.

ఇక్కడే అసలు నష్టం జరుగుతోంది. కీళ్ళు వదులుగా ఉండి తరచూ జారే మనిషికి మన ఊళ్ళలో దొరికే పేరు 'నరాల బలహీనత'. ఆ మాటకు గోడల మీది రాతల్లో, పత్రికల ప్రకటనల్లో దశాబ్దాలుగా స్థిరపడిన మరో అర్థం ఉంది. దానితో ఒక యువకుడు తన భుజం నొప్పిని గురించి నోరు విప్పడానికి సిగ్గుపడతాడు. ఆడపిల్ల విషయంలో పెళ్ళిసంబంధం చెడిపోతుందని ఇంటివారు దాస్తారు. వ్యాధి నరాలది కాదు, ఆ మాట సూచించే బలహీనత అసలే కాదు. అయినా పేరు మాత్రం రోగిని పట్టుకొని ఉంటుంది.

3. సుశ్రుతుని లెక్క

సుశ్రుతసంహిత శారీరస్థానం 300 ఎముకలను, 210 సంధులను, 900 స్నాయువులను లెక్కిస్తుంది. స్నాయువుల్లో 600 కాళ్ళు చేతుల్లో, 230 నడిమి భాగంలో, 70 మెడ నుంచి పైన ఉన్నాయని పంపకం. చరకుని ఎముకల లెక్క 360. ఈ అంకెలను నేటి శరీరశాస్త్రపు అంకెలతో పోల్చి గర్వించడమో నవ్వడమో రెండూ నిష్ప్రయోజనం. గమనించవలసినది లెక్క వెనకనున్న ఊహ. పలకలతో చేసిన పడవ అనేక బంధనాలతో బిగించి ఉన్నప్పుడే నీటిలో బరువు మోస్తుందని, శరీరం కూడా స్నాయువులతో బిగించి ఉన్నందువల్లనే బరువును భరిస్తున్నదని ఆ గ్రంథకర్త ఉపమానం. ఎముక కన్న, మాంసం కన్న, వాటిని కలిపి ఉంచే కట్టుకు ప్రాధాన్యమిచ్చిన భావన ఇది. సంయోజక కణజాలం అనే ఆధునిక భావనకు మన సంప్రదాయంలో అన్నిటికన్న దగ్గరగా వచ్చినది ఈ పడవే.

సంధులను కదిలేవి, స్థిరమైనవి అని విభజించడం, కీలు తప్పడాన్ని ఆరు రకాలుగా చెప్పడం కూడా అందులో ఉన్నాయి. శ్లేష్మం క్షీణించినప్పుడు కనిపించే లక్షణాల్లో 'సంధిశైథిల్యం' ఒకటి. అయితే అది జీవితం మధ్యలో దోషం క్షీణించినందువల్ల వచ్చే స్థితి. పుట్టుకతో, వంశంలో తరతరాలుగా నడిచే వదులుతనానికి ఆ మాటను యథాతథంగా వాడటం నాకు సమ్మతం కాదు. పైగా తెలుగులో 'శిథిలం' అనగానే కూలిన గోడ గుర్తుకు వస్తుంది.

గ్రీకుల వైపు కూడా ఇటువంటి ప్రస్తావన ఉంది. హిపోక్రటిస్ పేర చెలామణిలో ఉన్న గాలి, నీరు, స్థలాలను గురించిన గ్రంథం సిథియనుల శరీరాలు తేమతో మెత్తబడి ఉంటాయని, విల్లు లాగడానికి బలం చాలక భుజాల దగ్గర వాతలు పెట్టించుకొంటారని వర్ణిస్తుంది. కాల్చి బిగించడమే అక్కడి చికిత్స. మన వైపు కీళ్ళనొప్పికి వాతలు పెట్టే అలవాటు ఉన్నదన్న సంగతి పాఠకులకు తెలుసు.

4. గడ, మోకు, కట్టు

వంగే శరీరం తెలుగు సాహిత్యంలో మొదట జబ్బుగా కాక విద్యగా కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర పర్వతప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన కళాకారుల వర్ణన ఉంది. గడల మీద ఆడేవారు అందులో ఆకాశంలో ఆడే దేవతాస్త్రీలలాగా కనిపిస్తారు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డి ఇటువంటి సాహిత్యాధారాల నుంచే ఆనాటి వినోదాలను ఏరి చూపించారు.

గడ నెక్కడం, మోకు మీద నడవడం, పిల్లిమొగ్గలు వేయడం, వెన్నును విల్లులా వెనక్కి వంచడం దొమ్మరి సమాజపు కులవిద్య. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ప్రచురించిన దక్షిణభారత కులాలు, తెగల సంపుటాల్లో ఈ సమాజం గురించి వివరమైన వ్యాసం ఉంది. వారి పెద్ద కడప జిల్లా చిట్వేలిలో ఉంటాడని అందులో నమోదైంది. చిట్వేలి శ్రీకాళహస్తికి పరాయి చోటు కాదు, మధ్యలో కొండల వరుస మాత్రమే అడ్డు.

దొమ్మరి పిల్లల శరీరాలు అంతగా వంగడానికి కారణం పుట్టుకా, సాధనా? చూసేవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. సాధన కండరాన్ని సాగదీస్తుంది, కీలు చుట్టూ పట్టునిచ్చే బలాన్ని కూడా పెంచుతుంది. పుట్టుకతో వచ్చే అతిచలనంలో కట్టు పదార్థమే వేరుగా ఉంటుంది. వంపు ఎక్కువ, పట్టు తక్కువ. ఒక కులం మొత్తానికి జబ్బు అంటగట్టడం అన్యాయం. అయితే అటువంటి విద్యలో సహజంగా వదులైన శరీరం చిన్నప్పుడు మెప్పు పొంది, నడివయసులో బాధపడటానికి అవకాశం ఎక్కువన్నది ఊహించదగినదే. ఆట చూసినవారు మెచ్చుకొన్న శరీరానికి నలభై ఏళ్ళ వయసులో ఏమైందన్న ప్రశ్న థర్‌స్టన్‌కు తట్టలేదు. మన జానపద పరిశోధనల్లో కూడా ఎక్కువ భాగం ఆటను వర్ణించాయి, ఆటగత్తె మోకాలిని అడగలేదు. పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే ధోరణి. 19వ శతాబ్దిలో జేమ్స్ మోరిస్ అనే వ్యక్తి సాగే చర్మాన్ని బార్నమ్ ప్రదర్శనల్లో టికెట్టు పెట్టి చూపించారు.

కీలు తప్పినప్పుడు ఈ ప్రాంతం వెళ్ళే చోటు పుత్తూరు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని ఈ ఊరి పేరు 'పుత్తూరు కట్టు'గా తమిళనాడు అంతటా పాకింది. రేణిగుంట నుంచి మద్రాసు వెళ్ళే రైలుమార్గం మీద ఉండటం ఆ కీర్తికి తోడ్పడింది. పుత్తూరు దగ్గరి రాచపాలెంలో రాజుల కుటుంబాలు శతాబ్దికి పైగా ఈ వైద్యాన్ని వంశపారంపర్యంగా చేస్తున్నాయి. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురుబద్దలు దానిలో ప్రధాన సామగ్రి. వేటలో గాయపడిన జంతువు, దాన్ని బాగుచేసిన ఆకు అనే ఐతిహ్యం దాని పుట్టుక గురించి ప్రచారంలో ఉంది. ఇటువంటి మూలకథలు చాలా వైద్య సంప్రదాయాలకు ఉన్నాయి కనుక దాని చారిత్రకతను ఇక్కడ చర్చించడం లేదు.

పుత్తూరు కట్టును ఆధునిక వైద్యం వైపు నుంచి తీసిపారేయడమో, స్వదేశాభిమానంతో ఆకాశానికెత్తడమో జరుగుతుంటుంది. ఈ వ్యాసానికి కావలసింది వేరు. కట్టు అనేది సంఘటనకు చికిత్స. పడ్డాడు, విరిగింది, కట్టారు, అతికింది. ఏమీ పడకుండానే, చెంబెత్తబోయి భుజం జారినవాడు నాలుగోసారి వచ్చినప్పుడు కట్టు కట్టడం తెలిసినా, 'ఇది ఎందుకు మళ్ళీ మళ్ళీ' అని అడగడానికి ఆ విద్యలో చోటు లేదు. బెణుకు, జారడం, తొలగడం, ఇలా సంఘటనలకు తెలుగులో మాటలు పుష్కలం. వాటన్నిటి వెనక నిలిచి ఉండే స్థితికి మాత్రం మాట లేదు.

5. మద్రాసులో ముప్పేట

ఆ స్థితికి మూలపదార్థం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. చర్మం, ఎముక, సంధిబంధనం, స్నాయుబంధనం, రక్తనాళం గోడ అన్నిటికీ బిగువునిచ్చేది అదే. దాని అణునిర్మాణాన్ని ప్రపంచానికి మొదట చెప్పినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. 1954, 1955 సంవత్సరాల్లో 'నేచర్' పత్రికలో వెలువడిన వారి పత్రాలు కొల్లాజెన్‌లో మూడు పోగులు ఒకదాని చుట్టూ ఒకటి పెనవేసుకొని ఉంటాయని ప్రతిపాదించాయి. అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ 1955లోనే పోగుల మధ్య బంధాల సంఖ్యలో సవరణ చేశారు కాని ముప్పేట నిర్మాణం నిలిచింది. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతిచిన్న అమైనో ఆమ్లం ఉండటమే ఆ పేట అంత బిగువుగా పడటానికి కారణం. ఆ స్థానంలో మరొకటి చేరితే పేట సరిగా పడదు.

ఈ ఆవిష్కరణ మద్రాసులో జరగడం పూర్తిగా యాదృచ్ఛికం కాదు. 1948లో ఏర్పడిన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ విశ్వవిద్యాలయం పొరుగునే ఉంది. తోలు అంటే శుద్ధి చేసిన కొల్లాజెనే. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో ఆ సంస్థకు సంచాలకులై దాన్ని ప్రపంచ ప్రసిద్ధం చేశారు. పచ్చి తోలు కుళ్ళకుండా నిలవడానికి తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటిలోని టానిన్ కొల్లాజెన్ పోగులను పట్టి బిగిస్తుంది. అదే కరక్కాయను శ్రీకాళహస్తి కలంకారీ పనివారు పాలతో కలిపి గుడ్డను నానబెట్టడానికి వాడతారు. అక్కడ టానిన్ ఇనుపనీటితో కలిసి నల్లగీతను గుడ్డకు పట్టిస్తుంది. పట్టించడం, బిగించడం అనే పనిని ఈ ప్రాంతపు చేతిపనులు ఎన్నడో గ్రహించాయి.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలమిచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుని వంశం కాళహస్తి సంస్థానాధిపతులది. చెన్నపట్నం పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని మీదుగా వచ్చిందని ప్రసిద్ధి. కొల్లాజెన్ చరిత్రకు దీనితో సంబంధమేమీ లేదు. మద్రాసును పరాయి నగరంగా చూసే అలవాటు ఈ మధ్యది అని గుర్తుచేయడానికే ఈ ప్రస్తావన.

6. పేరు పెట్టినవారు, పేరు మార్చినవారు

పాశ్చాత్య వైద్యంలో నామకరణం కూడా సాఫీగా సాగలేదు. ఆమ్‌స్టర్‌డామ్ శస్త్రవైద్యుడు యోబ్ వాన్ మీకెరెన్ 1657లో ఒక స్పెయిన్ యువకుడి చర్మం విపరీతంగా సాగడాన్ని నమోదు చేశాడు. 1892లో మాస్కోలో చెర్నొగూబొవ్ చర్మం, కీళ్ళు రెండింటి వదులుతనాన్నీ కలిపి చూసి, లోపం సంయోజక కణజాలానిదని చెప్పాడు. అయినా పేరు మాత్రం 1901లో కోపెన్‌హాగన్ నుంచి రాసిన ఎడ్వర్డ్ ఎలర్స్‌కు, 1908లో పారిస్ నుంచి రాసిన డాన్లోస్‌కు దక్కింది. రష్యన్ భాషలో రాసినవాడు మరుగునపడ్డాడు. భాష కారణంగా మరుగునపడటం ఒక్క మనకే పరిమితమైన అనుభవం కాదు.

1896లో ఆంటువాన్ మార్ఫాన్ పొడవైన, సన్నని వేళ్ళున్న అయిదేళ్ళ బాలికను వర్ణించాడు. ఆ పేరుతో ప్రసిద్ధమైన రుగ్మతకు ఎఫ్‌బీఎన్1 అనే జన్యువులోని మార్పు కారణమని 1991లో తేలింది. ఈ విడివిడి పేర్లను 'వంశానుగత సంయోజక కణజాల రుగ్మతలు' అనే ఒకే గొడుగు కిందికి తెచ్చిన గ్రంథం విక్టర్ మెక్‌కూసిక్‌ది, 1956లో వచ్చింది. అంతకు ముందే, 1942లో, క్లెంపరర్ బృందం లూపస్ వంటి వ్యాధులను 'కొల్లాజెన్ వ్యాధులు' అన్నది. వాటిలో శరీరపు రక్షణవ్యవస్థే సొంత కణజాలం మీద దాడి చేస్తుంది. పుట్టుకతో కొల్లాజెన్ తయారీలో లోపం ఉండటం దానికి పూర్తిగా భిన్నమైన విషయం. కాని రెండు గుంపులూ ఈనాటికీ 'సంయోజక కణజాల వ్యాధులు' అనే ఒకే పేరుతో పిలవబడుతూ, చదువుకొన్న రోగిని కూడా తికమక పెడుతున్నాయి. 'నరం' చేసిన గందరగోళాన్ని ఇంగ్లీషు కూడా తనదైన పద్ధతిలో చేసిందన్నమాట.

కీళ్ళ వంపును కొలిచే పద్ధతి 1964లో కార్టర్, విల్కిన్సన్‌లతో మొదలై, 1973లో బైటన్ బృందం దక్షిణాఫ్రికా గ్రామీణులను పరిశీలించిన తరువాత తొమ్మిది మార్కుల కొలతగా స్థిరపడింది. రెండు చిటికెనవేళ్ళు, రెండు బొటనవేళ్ళు, రెండు మోచేతులు, రెండు మోకాళ్ళు, మోకాళ్ళు వంచకుండా అరచేతులను నేలకు ఆనించడం, ఇవీ ఆ తొమ్మిది. 2017 నాటి అంతర్జాతీయ వర్గీకరణ ఎలర్స్-డాన్లోస్ రుగ్మతలను 13 రకాలుగా విభజించి, పన్నెండింటికి జన్యుమూలాన్ని చూపింది. అన్నిటికన్న ఎక్కువమందిలో కనిపించే అతిచలన రకానికి మాత్రం జన్యువు దొరకలేదు. అందువల్ల దాన్ని ఇప్పటికీ లక్షణాలను చూసి, కుటుంబచరిత్ర అడిగి నిర్ణయించవలసిందే. లక్షణాలుండి, ఏ రకం కిందికీ రానివారికి 'అతిచలన వర్ణపట రుగ్మత' అనే మరో పేరు ఏర్పడింది. నేలమీద గొంతుకూర్చొని, బాసింపట్టు వేసి పెరిగిన శరీరాలకు ఏ మార్కు హద్దు కావాలన్నది విడిగా పరిశోధించవలసిన అంశం.

7. మేనరికం గురించి

చిత్తూరు, కడప ప్రాంతాల్లో పుట్టుకతో వచ్చే ఏ లోపానికైనా 'మేనరికం వల్ల' అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. మేనరికాల జన్యుప్రభావం మీద తెలుగునాట శాస్త్రీయ అధ్యయనం పాతదే. జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడైన పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు కోస్తాంధ్రలో ఆ పని చేశారు. అయితే ఇక్కడ ఒక భేదం గమనించాలి. మార్ఫాన్ రుగ్మత, ఎలర్స్-డాన్లోస్‌లోని సాధారణ, రక్తనాళ రకాలు బహిర్గత లక్షణాలుగా సంక్రమిస్తాయి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే చాలు, కొన్నిసార్లు ఎవరికీ లేకుండా కొత్తగానూ వస్తాయి. వీటికి మేనరికంతో నిమిత్తం లేదు. వెన్ను వంకరతో కూడిన అరుదైన రకం, చర్మం చిరుగుతూ పోయే రకం వంటివి అంతర్గత లక్షణాలు. దగ్గరి బంధువుల వివాహాల్లో వీటికి అవకాశం పెరుగుతుంది. ఈ చర్మం చిరిగే రకాన్ని మొదట 1960లలో బెల్జియంలో ఆవుదూడల్లో గుర్తించారు. అన్నిటికీ మేనరికాన్నే నిందించడం వల్ల, మేనరికం కాని కుటుంబాల్లో తండ్రికి ఉన్న జబ్బును బిడ్డలో వెతకరు.

8. పరిభాష ప్రతిపాదన

కదలిక హద్దు దాటడాన్ని 'అతిచలనం' అని, అది బాధగా మారినప్పుడు 'అతిచలన రుగ్మత' అని, మూలకారణాన్ని 'వంశానుగత సంయోజక కణజాల లోపం' అని, లూపస్ వంటివాటిని 'స్వయంప్రతిరక్షక' అనే విశేషణంతో వేరుచేసి చెప్పడం సమంజసం. మాటామంతీలో 'వదులు కీళ్ళు' చాలు. 'నరాల బలహీనత'ను ఈ సందర్భంలో పూర్తిగా వదిలిపెట్టాలి.

ఇంతా చేసి 'నరం' అనే పాతమాటను అజ్ఞానంగా కొట్టివేయలేం. ఎలర్స్-డాన్లోస్ రక్తనాళ రకంలో సీఓఎల్3ఏ1 అనే జన్యువు దెబ్బతింటుంది. చిన్న వయసులోనే ధమని చిట్లవచ్చు, పేగు చిల్లిపడవచ్చు, ప్రసవసమయంలో గర్భాశయం చీలవచ్చు. ఆ మనిషికి పెద్ద కీళ్ళు అంతగా వదులుగా ఉండకపోవచ్చు. వేళ్ళ కీళ్ళు మాత్రమే వంగుతాయి, చర్మం పలచగా ఉండి రక్తనాళాలు కనిపిస్తాయి, కొద్దిపాటి తాకిడికే కమిలిపోతుంది. వేలిలోని కట్టు, ధమని గోడ ఒకే కుటుంబానికి చెందిన పోగులతో అల్లినవని రసాయనశాస్త్రం 20వ శతాబ్దిలో చెప్పింది. బెణికిన కట్టుకూ, చిట్లిన ధమనికీ ఒకే మాట వాడే ఇంట్లో 'వీళ్ళ నాయనకూ ఇట్లాగే నరం తెగి పోయినాడు' అని ఎవరైనా అంటే, వైద్యుడు ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఆ బిడ్డకు గుండె, ధమనుల పరీక్ష చేయించడానికి కావలసిన కుటుంబచరిత్ర అందులో ఉంది.